రెండు బార్లు గీస్తే కవరేజ్ తేలిపోదు

నులిపురుగుల మాత్రల కవరేజ్ (ఎంత శాతం పిల్లలకు మాత్ర అందిందో) కొలిచే సర్వేల గురించి ఒక సలహా బాగా తిరుగుతోంది: "ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్‌లు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీ తెరవండి. జియోమ్ బార్‌లో పొజిషన్ ఫిల్ పెట్టి బడికి వెళ్లే పిల్లలకు ఒక బార్, వెళ్లనివాళ్లకు ఒక బార్ గీయండి. మొత్తం కవరేజ్ 75 శాతం దాటితే చాలు. వెయిట్లు, ఎర్రర్ బార్లు అక్కర్లేదు." వెయిట్లంటే సర్వేలోని ఒక్కో పిల్లాడు బయట ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు, ఎర్రర్ బార్లంటే అంచనా ఎంత అటూఇటూ ఉండొచ్చో చూపే గీతలు. ఈ సలహా నమ్మి రిపోర్టు రాస్తే నష్టపోయేది పిల్లలు.

ముందు 75 శాతం సంగతి. బడి ఈడు పిల్లల్లో కనీసం అంతమందికి మాత్ర అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యమే. కానీ సర్వేలో 1000 మంది ఉన్నారనుకోండి. బడికి వెళ్లే 900 మందిలో 810 మంది, వెళ్లని 100 మందిలో 40 మంది మాత్ర మింగారు. మొత్తం 85 శాతం. లక్ష్యం దాటింది, అయినా బడి బయట ఉన్న ప్రతి 10 మందిలో ఆరుగురికి మందు పడలేదు. మాత్రలు ఎక్కువగా బడిలోనే పంచితే ఇలాగే జరుగుతుంది. అసలు హాజరు వారీగా గ్రాఫ్ గీసేదే ఈ ఆరుగురి కోసం.

ఫిల్ పెడితే 900 మంది బారూ 100 మంది బారూ ఒకే ఎత్తుకు సాగుతాయి. చూసేవాళ్లు 90కీ 40కీ సగటు కట్టి 65 అనుకుంటారు. పైగా జవాబు లేని ఎన్‌ఏలు బూడిద రంగులో బార్‌లోనే కూర్చుని శాతాన్ని తగ్గిస్తాయి. ప్రతి బార్ కింద ఎంతమందో రాయండి, ఎన్‌ఏలను ఏం చేశారో చెప్పండి.

ఎర్రర్ బార్లు అక్కర్లేదన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. బడికి వెళ్లనివాళ్లు 40 మందే దొరికి, అందులో సగం మంది మింగారంటే, 95 శాతం విశ్వాస అంతరం (అసలు శాతం ఉండగల పరిధి) సుమారు 35 నుంచి 65 దాకా ఉంటుంది. అదీ పిల్లల్ని లాటరీ తీసినట్టు విడివిడిగా ఎంచుకుంటేనే. ముందు కొన్ని ఊళ్లను ఎంచుకుని అక్కడి పిల్లల్ని అడిగే క్లస్టర్ సర్వేలో ఒకే ఊరి పిల్లల జవాబులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అంతరం సాధారణంగా ఇంకా పెరుగుతుంది. ఆర్‌లోని సర్వే ప్యాకేజీలో, సర్వే ఎలా చేశారో నమోదు చేసే ఎస్‌వీవైడిజైన్‌కు క్లస్టర్లు, వెయిట్లు ఇచ్చి, ఎస్‌వీవైబైతో హాజరు వారీగా లెక్క తీసి, ఆ ఫలితం మీద జియోమ్ ఎర్రర్‌బార్ వేయండి. నాలుగైదు లైన్ల పని. బడికి వెళ్లనివాళ్లను మాత్రమే చూడాలంటే డేటాను ముందే ఫిల్టర్ చేయొద్దు, ఎస్‌వీవైడిజైన్ ఇచ్చిన డిజైన్ మీదే సబ్‌సెట్ వాడండి. లేకపోతే కొన్ని క్లస్టర్లు మాయమై అంతరం తప్పుగా వస్తుంది.

ఇక డేటాను బడిలోనే సేకరించి ఉంటే రెండో బార్ గీయనే గీయకండి. ఆ పిల్లలు అందులో లేరు, వాళ్ల కోసం ఇంటింటి సర్వే చేయాల్సిందే.