అరవై తెలియని కారు

మా కారుకి 60 తెలియదు. స్పీడు 59 దాటగానే మీటరు మళ్ళీ 50కి వస్తుంది. అక్కడి నుంచి ఇంకోసారి ఓపిగ్గా 59 దాకా లెక్కపెట్టి, ఒక్క గెంతులో 70కి పోతుంది. డెబ్బైలు బాగానే నడుస్తాయి. ఆ పైన ఎనభైలు ఉండవు, తొంభైలే రెండుసార్లు వస్తాయి. ఇరవైల్లో అయితే అంకె బదులు ప్రశ్నార్థకం. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పాకుతున్నంతసేపూ కారు నన్ను ఏదో అడుగుతున్నట్టే ఉండేది.

జబ్బు చిన్నదే. మాది 2009 మోడల్. డిజిటల్ మీటరని ముచ్చటపడి కొన్నాం. స్టీరింగ్ వెనక కాకుండా డ్యాష్‌బోర్డు నడిమధ్యన, ఇంటిల్లిపాదికీ కనిపించేలా ఉంటుంది. అందులో ఒక్కో అంకెనీ ఏడు చిన్న గీతలు కలిసి చూపిస్తాయి. పదుల స్థానంలో ఉన్న అంకెకి ఎడమపక్క కింది గీత చచ్చిపోయింది. ఆ ఒక్క గీత వెలగకపోతే 6 కాస్తా 5 అవుతుంది, 8 కాస్తా 9 అవుతుంది, 2 కాలు విరిగి ప్రశ్నార్థకం అవుతుంది. కాగితం మీద వేసి చూసుకోండి. నేనూ బ్యాంకులో ఓచరు వెనక వేసి చూసుకున్నాకే నమ్మాను.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకది నచ్చింది కూడా. వచ్చే ఏడాది 60 నిండి రిటైరయ్యేవాణ్ణి. 59 తరువాత మళ్ళీ 50 చూపించే వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు.

ఆ సంబరం చలానాతో తీరింది. బోర్డు 60 అన్నచోట 68లో పోయానట, ఫోటోతో సహా ఫోనుకి వచ్చింది. 1,035 రూపాయలు. నేను 58 చూసుకుని, బుద్ధిమంతుణ్ణని మురిసిపోతూ మరీ పోయాను. ఇంకోపక్క మా ఆవిడతో వేరే గొడవ. నేను 82లో పోతుంటే ఆవిడకి 92 కనిపిస్తుంది. గుంటూరు రోడ్డెక్కితే చాలు, ఒక చేత్తో పైనున్న పిడి, ఇంకో చేత్తో మంగళసూత్రం పట్టుకుని కూర్చునేది. గీత సంగతి ఎన్నిసార్లు చెప్పినా, "అంత స్పష్టంగా 92 కనిపిస్తుంటే మధ్యలో మీ గీతేమిటి?" అనేది.

ఇది చాలదన్నట్టు ఈ వేసవిలో రెండో జబ్బు పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం భోజనానికి ఇంటికి బయల్దేరితే మీటరు మొత్తం నల్లగా అయిపోతుంది. 50 లేదు, 90 లేదు, ప్రశ్నార్థకం కూడా లేదు. పలక మీద తడిగుడ్డ వేసి తుడిచినట్టు. సాయంత్రం చూస్తే మళ్ళీ మామూలే. పక్కన సాక్ష్యానికి మనిషి లేడు, మా ఆవిడ మే నెలలో ఎండెక్కాక సాయంత్రం అయిదు దాకా గడప దాటదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. షెడ్డు నీడలో కారు ఆపి, కూలింగ్ గ్లాసులు తీసి చొక్కాకి తగిలించుకుని, "చూడండి, ఏమీ కనిపించట్లేదు" అని మీటరు వైపు వేలు చూపించాను. శుభ్రంగా కనిపిస్తోంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గిపోయే పిల్లాడు ఉంటాడే, అచ్చం అలాగే. అక్కడి కుర్రాడు టై సర్దుకుని, "ఎండకి ఎల్‌సీడీ వేడెక్కుతోంది సార్. మీటర్ సెట్ మొత్తం మార్చాలి. 18,500 అవుతుంది" అన్నాడు. సరే మార్చమన్నాను. "కానీ ఈ మోడల్ పార్టులు కంపెనీ ఆపేసింది సార్" అన్నాడు. దొరకని వస్తువుకి అంత కచ్చితంగా ధర ఎలా చెప్పాడో ఇప్పటికీ అంతుపట్టలేదు.

వేడే కారణమైతే చల్లార్చడం మన చేతిలో పని కదా. రోళ్ళు పగిలే ఎండలో, డ్యాష్‌బోర్డు మీద తడి తువ్వాలు పరిచి నడపడం మొదలుపెట్టాను. మీటరు వెలగలేదు గానీ అద్దం లోపలివైపు ఆవిరి పట్టి రోడ్డు కూడా కనిపించడం మానేసింది. నాలుగో రోజు మా బ్యాంకు సెక్యూరిటీ గార్డు దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "సార్, ఇంట్లో ఆరేసుకోడానికి దండెం లేదా?" అని అడిగాడు. తువ్వాలు మానేశాను.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావమరిది. డల్లాస్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు కూలింగ్ గ్లాసులు, చాక్లెట్లు, ఒక బుల్లి స్క్రూడ్రైవర్ల సెట్టు తెచ్చిపెట్టాడు. చాక్లెట్లు పిల్లలు తినేశారు, గ్లాసులు నేను పెట్టుకుంటున్నాను, స్క్రూడ్రైవర్లు అలాగే ఉన్నాయి. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, అంటే వాళ్ళకి శనివారం రాత్రి పదిన్నరకి, వీడియో కాల్ చేశాడు. మా ఆవిడ ఫోను పట్టుకుంది, నేను చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని డ్యాష్‌బోర్డు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పైన ప్లాస్టిక్ మూత ఉందే, దాన్ని గట్టిగా లాగు బావా."

"స్క్రూలు లేవురా?"

"ఉండవు. అన్నీ క్లిప్పులే. లాగు, ఏం కాదు."

లాగాను. టప్‌మంది. ఆ చప్పుడు డల్లాస్ దాకా వినిపించింది.

"అదే బావా. అలాగే రావాలి."

అలాగే ఇంకో మూడు టప్‌లు వచ్చాయి. పదహారేళ్ళు ఎండలో మగ్గిన ప్లాస్టిక్ వడియంలా విరుగుతుంది. మూత చేతికొచ్చింది. కింద చూస్తే మా సంసార చరిత్ర మొత్తం అక్కడే ఉంది. దుర్గమ్మ గుడి కుంకుమ పొట్లాలు మూడు, అమ్మాయి చిన్నప్పటి హెయిర్ క్లిప్పు, సగం చప్పరించి దాచుకున్న పిప్పరమెంటు, కాజ టోల్‌గేట్ రసీదులు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన 500 నోటు.

ఆ నోటుకో కథ ఉంది. 2015లో గుంటూరు పెళ్ళికి పోతూ టోల్‌గేట్ దగ్గర దాన్ని పోగొట్టింది నువ్వంటే మీరని మేమిద్దరం చదివింపుల దాకా మాట్లాడుకోలేదు. మా ఆవిడ ఫోను పక్కన పెట్టి నోటు అందుకుంది.

"డ్యాష్‌బోర్డు మీదే పెట్టానని ఆ రోజే చెప్పానా లేదా?"

చెప్పింది. కానీ 2016 నవంబరులో ఆ నోటు రద్దయిపోయింది. న్యాయం గెలిచింది గానీ చెల్లదు. పరిహారంగా కొత్త 500 ఇచ్చుకున్నాను.

ఈలోగా సీటు మీద వెల్లకిలా పడున్న ఫోనులోంచి బావమరిది, "అక్కా, నాకు కారు పైకప్పే కనిపిస్తోంది" అంటున్నాడు. ఎత్తి చూపిస్తే ఆవలించి, "ఇక్కడిదాకా వచ్చావుగా బావా, మిగతాది నీకే తెలిసిపోతుంది" అని పడుకున్నాడు. నేను మీటరు ఊడదీసి, దాని వెనక వైర్ల గుత్తి పీకి, దుమ్ము ఊది, మళ్ళీ గుచ్చి బిగించాను. తాళం తిప్పితే ఇంజను స్టార్టయింది. మీటర్లో మాత్రం దీపం కూడా లేదు. ఒక్క గీతే కదా పోయిందనుకున్న రోజులు ఎంత మంచివో అప్పుడు తెలిసింది.

మర్నాడు సెలవు పెట్టి ఆటోనగర్ బయల్దేరాం. ఎంత స్పీడులో పోతున్నామో చెప్పే దిక్కు లేదు కాబట్టి, పొద్దున్నే కనక మా ఆవిడ కూడా వచ్చింది. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని రైల్వే అనౌన్స్‌మెంటులా పైకి చదువుతోంది. ఆ ఫోను మన వేగాన్ని ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా చెబుతుంది. సిగ్నల్ దగ్గర కారు పూర్తిగా ఆగాక, ఆవిడ గంభీరంగా, "ముప్ఫై నాలుగు" అంది. పక్కన బైకు మీద ఉన్నాయన మా వైపు చాలాసేపు చూశాడు.

ఆటోనగర్ మేస్త్రి మీటరు వెనక చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. క్లిక్కుమంది. మీటరు వెలిగింది. వైర్ల గుత్తికి చిన్న లాక్ ఉంటుందట, అది పడేదాకా నొక్కాలట. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

చచ్చిన గీత సంగతి చెబితే, "దానికి రిపేరు లేదు గురువుగారూ, వేరేది వేసేద్దాం" అని తుక్కు కొట్లోంచి అదే మోడల్ పాత మీటరు తెప్పించి తగిలించాడు. అంకెలన్నీ నిండుగా ఉన్నాయి. నేను సంతోషించేలోపే మా ఆవిడ ముందుకి వంగింది. మాది తిరిగింది 84 వేల చిల్లర. ఇందులో 2,37,410 కిలోమీటర్లు కనిపిస్తోంది.

"ఏమండీ, ఈ లక్షన్నర కిలోమీటర్లు ఎవరితో తిరిగారు?"

తిరిగిన లెక్క బండిలో కాదు, మీటరు లోపలి బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో ఉంటుందని, అందుకే వేరే కారు లెక్క వచ్చిందని మేస్త్రి వివరించాడు. తరువాత గొంతు తగ్గించి, "దాన్ని మార్పించొచ్చు లెండి. ఎంత పెట్టమంటారు? 40 వేలు పెట్టేదా?" అన్నాడు, కాఫీలో పంచదార ఎంతని అడిగినట్టు. సెకండ్‌హ్యాండ్ కార్ల ప్రకటనల్లో 'డాక్టరు గారు నడిపిన బండి, 30 వేలే తిరిగింది' అని ఉంటుంది చూశారా, ఆ డాక్టర్లందరూ ఎక్కడ తయారవుతారో ఆ రోజు నాకు తెలిసింది. వద్దని దండం పెట్టి మా మీటరు మాకు బిగించమన్నాను. ఆయన నొచ్చుకోలేదు. వన్‌టౌన్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని, ఆయనకి చూపించమని చెప్పాడు.

మా ఆవిణ్ణి ఇంట్లో దింపి అక్కడికి వెళ్ళాను. కొట్టంటే అరుగు మీద ఒక బల్ల, పైన కప్పు దాకా చచ్చిన టీవీలు. మీటరు ఆయనే వచ్చి ఊడదీశాడు. క్లిప్పులు నాలుగూ అప్పటికే విరిగి ఉండటం వల్ల పని సులువైందని మెచ్చుకున్నాడు కూడా. బల్ల మీద పెట్టి, బ్యాటరీ తగిలించి, కంటికి భూతద్దం బిగించుకుని, గాజుపలక అంచు మీద బొటనవేలితో నొక్కాడు. చచ్చిన గీత లేచి కూర్చుంది. వేలు తీశాడు, పోయింది. నొక్కాడు, వచ్చింది.

"గీత చావలేదు బాబూ. దానికి కరెంటు అందట్లేదు, అంతే."

గాజుపలక కింద నుంచి సన్నటి రబ్బరు పట్టీ బయటికి లాగాడు. అగ్గిపుల్ల మందం కూడా లేదు. భూతద్దంలో చూపిస్తే నలుపూ తెలుపూ చారలు, పక్కపక్కనే, వందల కొద్దీ. "దీన్ని జీబ్రా అంటారు. నల్లచారలో కరెంటు పోతుంది, తెల్లచారలో పోదు. బోర్డు నుంచి అద్దానికి ఇదే దారి. మధ్యలో మట్టి చేరితే ఒక చార మూగబోతుంది." బల్ల సొరుగులోంచి మామూలు బడిపిల్లల ఎరేజరు తీసి బోర్డు మీది రాగి గీతల్ని, స్కూల్లో తప్పు లెక్క చెరిపినంత శ్రద్ధగా రుద్దాడు. దూదితో స్పిరిట్ అద్దాడు. పట్టీ పెట్టి, నాలుగు మూలలా స్క్రూలు ఒక్కో చుట్టు సమానంగా బిగించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. కారులో పెట్టి 150 రూపాయలు అడిగాడు. 18,500 నుంచి 150 తీసేస్తే ఎంతో లెక్కేసుకుంటూ, కళ్ళజోడు పెట్టుకుని, సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఇంటికి బయల్దేరాను.

కాళేశ్వరరావు మార్కెట్ దాటలేదు. మీటరు నల్లగా అయిపోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. బండి వెనక్కి తిప్పి ఆ అరుగు ముందు ఆపి హారన్ కొట్టాను. పెద్దాయన క్యారేజీ ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇదిగో చూడండి మాస్టారూ, మీ రిపేరు!"

ఆయన మీటరు చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ మీటరు చూశాడు.

"బాగానే వెలుగుతోంది కదా బాబూ?"

"ఎక్కడ వెలుగుతోందండీ? అమావాస్యలా ఉంటే!"

"తల కాస్త పక్కకి వంచు."

ఇదేం వైద్యమనుకుంటూ చెవి భుజానికి తగిలేలా వంచాను. చీకట్లోంచి అంకెలు మెల్లగా పైకి తేలాయి. తల నిటారుగా పెట్టాను, మునిగిపోయాయి. వంచాను, తేలాయి. అలా మూడుసార్లు చేశాక ఆయన చెయ్యి చాచి నా కళ్ళజోడు తీసేశాడు. అంకెలు తల వంచకుండానే కనిపించాయి.

డల్లాస్ కళ్ళజోడు పోలరైజ్డ్ అట. ఒక్క దిక్కున ఊగే వెలుతుర్నే లోపలికి రానిస్తుంది. మీటరు అద్దం మీదా అలాంటి పొరే ఉంటుంది, అది ఇంకో దిక్కు వెలుతుర్ని పంపిస్తుంది. రెండూ అడ్డం నిలువూ అయితే మధ్యలో అమావాస్యే. అంటే సంక్రాంతికి వచ్చిన జబ్బుని నేను మే నెలంతా ముక్కు మీద పెట్టుకుని తిరిగాను. తువ్వాళ్ళు గుర్తొచ్చాయి. గార్డు మొహం గుర్తొచ్చింది.

"దీనికెంత ఇవ్వమంటారు మాస్టారూ?"

"కళ్ళజోడు తీసినందుకు డబ్బులేమిటి బాబూ. చల్లటి మజ్జిగ ప్యాకెట్టు తెచ్చిపెట్టు, అన్నం మధ్యలో లేపావు."

రెండు తెచ్చిపెట్టాను.

ఆ సాయంత్రం మా ఆవిణ్ణి ఎక్కించుకుని గుంటూరు రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. వారధి దాటాక మెల్లగా కాలు నొక్కాను. 57, 58, 59. ఊపిరి బిగపట్టాను. 60. ఎడమపక్క కింది గీతతో సహా, నిండుగా. 61. 62. ఇంతకాలానికి దర్శనమిచ్చిన ఆ అంకెని చూసి, అది నాకు రాబోయే వయసు కూడా అన్న సంగతి మర్చిపోయి మురిసిపోతుంటే, పక్కనుంచి పిడి పట్టుకున్న చప్పుడైంది.

"ఏమండీ, కాస్త నిదానం. మీటరు పాడైనన్నాళ్ళూ బుద్ధిగా యాభైల్లోనే పోయేవారు."