దగ్గరున్న డ్రోనే మంచి రిలే కాదు

వరదల్లో డ్రోన్ల వరుసతో సిగ్నల్ అందించొచ్చని, ప్రతి డ్రోన్ తనకు దగ్గరున్నదాన్ని రిలేగా, అంటే సిగ్నల్ అందుకుని ముందుకు పంపేదిగా, ఎంచుకుంటే చాలని ఒకరు రాశారు. మొదటి మాట నిజమే, రెండోది ఒప్పుకోలేను. రిలేకి వచ్చే లింకు, అక్కడి నుంచి పోయే లింకు: రెండింట్లో ఏది బలహీనమైతే మొత్తం దారి అంతే నడుస్తుంది. కాబట్టి ఒక్కో డ్రోన్‌కు ఆ బలహీనమైన లింకునే లెక్కగట్టి, అది ఏ డ్రోన్‌కు మెరుగ్గా ఉంటే దాన్ని రిలేగా తీసుకోవాలి. బ్యాటరీ సంగతీ చూడాలి. కాసేపట్లో దిగిపోయే డ్రోన్ మీద దారి వేస్తే మళ్లీ వెతుకులాటే. ఏఓడీవీ లాంటి, అవసరమైనప్పుడే దారి వెతికే రూటింగ్ పద్ధతిలో దారి తెగాకే కొత్తదాని వేట మొదలవుతుంది, ఆలోగా వీడియో ఆగిపోతుంది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇండ్ల మీదికెక్కి సాయం కోసం చూశారు. అలాంటి చోట వీడియో ఆగితే ఎట్లా? వరంగల్ ఎన్ఐటీ పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ ఎంపిక పద్ధతిని ఒక్కసారి వాగు ఒడ్డున చెట్ల మధ్య పరీక్షించి చూడండి.