శ్రీ ‘అన్నీ నేనే చూసుకుంటాను’ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ‘అన్నీ నేనే చూసుకుంటాను’ గారికి, విశాఖపట్నం నుంచి తమ పొరుగువాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా దైవకృప వలన క్షేమం. తమరు తమ కృప వలననే క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఊళ్ళో మీ పలుకుబడి నానాటికీ పెరుగుతున్నందుకు ముందుగా అభినందనలు. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంటు తలుపు తట్టినా లోపలి నుంచి మీరే పలుకుతున్నారు. పిల్లవాడికి ర్యాంకు వస్తే అది మీ ప్రణాళిక, స్థలం ధర పెరిగితే అది మీ ముందుచూపు, రక్తపోటు అదుపులో ఉంటే అది బీచ్ రోడ్డులో మీ ఉదయపు నడక. అదే ర్యాంకు తప్పినా, ధర పడిపోయినా ‘అంతా దైవలీల’ అని నిట్టూర్చి, ఆ నష్టాన్ని ఆయన పద్దులో రాసేస్తారు. ఈ విద్యలో ఆరితేరిన ఆడిటర్లు కూడా మీ ముందు దిగదుడుపే.

మీరు నాస్తికులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీరు గుడికి తరచుగానే వస్తారు, కాకపోతే సిఫారసుతో వస్తారు. ఏడాది పొడవునా చందనం మాటున ఉండే సింహాద్రి అప్పన్న వైశాఖ శుద్ధ తదియ నాడు నిజరూపంలో దర్శనమిచ్చే వేళ, అర్ధరాత్రి నుంచి క్యూలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడినవారి పక్క నుంచి, ఎవరో పెద్దమనిషి ఇప్పించిన పాసు పట్టుకుని మీరు చకచకా సాగిపోతుంటారు. శరణాగతికి సైతం పైనుంచి ఫోను చేయించుకున్న భక్తుడు నాకు తెలిసి ఏ పురాణంలోనూ లేడు. ఇక ప్రమోషన్ వస్తేనే నూటెనిమిది కొబ్బరికాయలు కొడతానని మీరు మొక్కే మొక్కు, పని పూర్తయ్యాకే బిల్లు చెల్లించే కాంట్రాక్టు కాగితంలాగే ఉంటుంది.

ప్రహ్లాదుణ్ణి సముద్రం పాలు చేయబోతే స్వామి కాపాడినది అప్పన్న కొలువున్న ఆ సింహాచలం కొండ దగ్గరేనని స్థలపురాణం. తోయించినవాడు మీ వంశానికి మూలపురుషుడు. పగలూ రాత్రీ, ఇంటా బయటా, నేలా నింగీ, మనిషీ మృగమూ అంటూ వరంలో అన్ని షరతులూ రాయించుకున్న ఆ మహానుభావుడికి గడప సంగతి, సంజవేళ సంగతి తోచలేదు. అంతటి జాగ్రత్తపరుడికే ఒక గడప మిగిలిపోయినప్పుడు, మీ పాలసీ కాగితాల్లో చిన్న అక్షరాల కింద ఎన్ని గడపలు దాగి ఉన్నాయో ఒకసారి తీరికగా చదువుకోండి. గజపతులపై యుద్ధంలో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇదే ఆలయానికి వచ్చి ఆభరణాలు సమర్పించినట్టు శాసనం ఉంది. ఓడినవారికి మాత్రమే దేవుడు అవసరమన్న మీ సిద్ధాంతానికి ఆ రాతి మీది అక్షరాలు కాస్త ఇబ్బందే.

అప్పన్న నిజరూపం ఏటా కనిపిస్తుంది గాని, మీ నిజరూపం మాకు బాగా కనిపించింది 2014 అక్టోబరు 12న. ఆ ఆదివారం హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగా తీరం దాటింది. సంపదనిచ్చే కనకమహాలక్ష్మి బురుజుపేటలో గర్భాలయానికి పైకప్పే లేకుండా ఎండలో వానలో కూర్చుని ఉండే ఊళ్ళో, విమానాశ్రయం పైకప్పు చిందరవందరైంది. సెల్‌ఫోన్లు మూగబోయాయి, పర్సులో కార్డులు అట్టముక్కలయ్యాయి. బోరులో నీళ్ళున్నాయి, మోటారూ ఉంది, కరెంటు లేదు. ఐదో అంతస్తు నుంచి బిందెతో దిగివచ్చి, అన్నేళ్ళలో పేరైనా అడగని వాచ్‌మన్ భార్యతో ట్యాంకరు దగ్గర ‘అమ్మా, కాస్త ఈ బిందె పట్టవూ’ అన్నప్పుడు మీ గొంతు ఎంత మధురంగా ఉందో! కరెంటు వచ్చింది, దానితోపాటే మీరూ తిరిగి వచ్చారు. వస్తూనే ఇంకా పెద్ద ఇన్వర్టర్ కొన్నారు.

దేవుడి మీద భారం వేస్తే మనిషి సోమరి అవుతాడన్నది మీ పాత వాదన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో ఎప్పుడైనా ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి చూడండి. బోట్లకు రంగులు వేస్తుంటారు, ఇంజన్లు విప్పి బాగుచేస్తుంటారు, చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకుని కన్ను కన్నూ అల్లుతుంటారు. నిషేధం ముగిశాక డీజిలూ ఐసూ నింపుకుని, బోటు ముందుభాగానికి పసుపు కుంకుమలు పూసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దండం పెట్టి కదులుతారు; తుపాను హెచ్చరిక వస్తే కదలరు. వీరిలో సోమరి ఎవరో మీరే తేల్చాలి. వల తమదైనా సముద్రం తమది కాదని వారికి తెలుసు, అంతే.

చివరగా ఒక మనవి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం కొండ దిగువన తొలిమెట్టు అయిన తొలిపావంచా దగ్గర మొదలయ్యే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు తమరు వస్తూనే ఉన్నారు. వీపున సంచి, అందులో మీ నీళ్ళు, మీ బిస్కెట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. హనుమంతవాక దాకా మీదే ముందంజ. అప్పుఘర్ చేరేసరికి సీసాలు ఖాళీ అయి, అరికాళ్ళు బొబ్బలెక్కి, దారి పక్క మజ్జిగ పంచుతున్న ముసలమ్మ ముందు మీరు నిలబడి పర్సు తీశారు. ‘డబ్బులేటి బాబూ, తాగు’ అందావిడ. పర్సు లోపల పెట్టలేక, గ్లాసు అందుకోలేక మీరు పడ్డ అవస్థ వెనక నడుస్తున్నవాళ్ళం అందరం చూశాం. ఈసారి సంచీ, పర్సూ ఇంటి దగ్గరే ఉంచి రండి.

ఇట్లు,
తమ పొరుగువాడు

తా.క. పాసు కోసం ఎవరికీ ఫోను చేయనక్కరలేదు. కొండ చుట్టూ నడవడానికి వీఐపీ క్యూ ఇంకా ఏర్పాటు చేయలేదు.