వీ ఫర్ వేటపాలెం

శుక్రవారం సాయంత్రంలోగా టీములో ప్రతి ఒక్కరూ ఏఐ కోడింగ్ అసిస్టెంట్ పెట్టేసుకోవాలని మా ఆఫీసు హుకుం. ఎవరు పెట్టుకున్నారో, ఎవరు పెట్టుకోలేదో ఊరంతటికీ తెలియడానికి ఒక డ్యాష్‌బోర్డు కూడా తయారుచేశారు. పెట్టుకున్నవాళ్ళ పేర్లు పచ్చగా, మిగతావాళ్ళవి ఎర్రగా కనపడతాయి. గురువారం మధ్యాహ్నానికి ఎర్రగా మిగిలిన పేరు నాదొక్కటే. పెట్టుకున్నాక దాంతో ఏం చెయ్యాలన్నది ఎవరూ చెప్పలేదు. పచ్చబడితే చాలట.

నా ఆలస్యానికి కారణం నా ఎడిటర్, అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్. టీమంతా మౌసుతో నొక్కుకునే సాఫ్ట్‌వేర్లలో ఉంటే నేనింకా విమ్‌లో ఉన్నాను. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటర్‌కి 1991లో బ్రామ్ మూలెనార్ తయారుచేసిన తమ్ముడు అది. నల్లటి టెర్మినల్, దాని మీద అక్షరాలు, అంతే. అటూ ఇటూ కదలాలంటే హెచ్, జే, కే, ఎల్ నొక్కాలి. బిల్ జాయ్ వాడిన పాతకాలపు టెర్మినల్ యంత్రం కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే అచ్చేసి ఉండేవి మరి. ఆ టెర్మినళ్ళు మ్యూజియాలకు వెళ్ళిపోయాయి, అలవాటు మాత్రం నా వేళ్ళకు అంటుకుంది. కొత్తగా చేరిన పిల్లలు నా స్క్రీను చూసి, "అన్నా, సిస్టమ్ పోయిందా?" అని జాలిపడుతుంటారు. లోపల్లోపల అదో గర్వం నాకు.

ఆ వారం తెనాలిలో మా అత్తగారింటి నుంచి పని చేస్తున్నాను. సర్వర్లో విమ్ పాతదైపోయిందంది ఆ అసిస్టెంట్, కొత్తది ఎక్కించాను. నోడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ లేదంది, అదీ ఎక్కించాను. ప్లగిన్ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను. ఇదంతా చెబితే మీకు నిద్రొస్తుంది. ఆఖర్న సెటప్ కమాండ్ కొడితే స్క్రీను అడుగున ఎనిమిది అక్షరాల కోడ్ వచ్చింది, మధ్యలో ఒక గీతతో. టీవీలో కొత్త యాప్ పెట్టుకుంటే ఫోన్లో కొట్టమని ఒక కోడ్ చూపిస్తుందే, అదే పద్ధతి. బ్రౌజర్లో లాగినై ఆ కోడ్ కొట్టాలి. 15 నిమిషాల్లో కొట్టకపోతే అది చెల్లదు.

లోకంలో మిగతావాళ్ళకి ఇది అరనిమిషం పని. మా ఆఫీసులో లైసెన్సులు మన పేరు మీద ఉండవు, సపోర్ట్ వాళ్ళ గుప్పిట్లో ఉన్న ఒకే ఒక్క ఖాతా మీద ఉంటాయి. కాబట్టి కోడ్ వాళ్ళకి చేరాలి, వాళ్ళ బ్రౌజర్లో వాళ్ళే కొట్టాలి. చాట్‌లో పెడతానంటే ఒప్పుకోలేదు. కోడ్‌లు రాసి పంపడం భద్రతా నియమాలకు విరుద్ధమట. ఫోన్లో గట్టిగా చదవడం మాత్రం భద్రమేనట. ఈ నియమం రాసిన మహానుభావుడు ఇప్పటికి ప్రమోషన్ కూడా తీసుకునే ఉంటాడు.

సపోర్ట్ కుర్రాడు నోయిడాలో ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి చదవడం మొదలుపెట్టాను.

ఈ కోడ్‌ల పద్ధతిని 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8628 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో ఖాయం చేశారు. అక్షరాలు ఎలాపడితే అలా కలిసి పొరపాటున ఏ పిచ్చిమాటో తయారవకుండా ఏ, ఈ, ఐ, ఓ, యూలను తీసేస్తే మంచిదని అందులో సలహా ఇచ్చారు. మర్యాదస్తులు. కానీ మిగిలినవాటిని ఫోన్లో ఎవరికైనా చదివి వినిపించి చూసినట్టు లేరు. బీ, సీ, డీ, జీ, పీ, టీ, వీ. తెనాలి నుంచి నోయిడా చేరేసరికి అన్నీ ఒకటే "ఈ".

"టీ," అన్నాను.

"డీ?"

"టీ. టీ ఫర్ తెనాలి."

"సర్, టెలీ?"

ఊళ్ళ పేర్లు వాడటం నా తప్పు కాదు. కంగారులో నోటికి ఏది దగ్గరగా ఉంటే అదే వస్తుంది. నాకు చెన్నై వైపు రైల్వే లైను దగ్గరగా ఉంది. బీ ఫర్ బాపట్ల. సీ ఫర్ చీరాల. ఎన్ వచ్చినప్పుడు ఎన్ ఫర్ నోయిడా అంటే కుర్రాడు తన సొంతూరు కదా అని చటుక్కున అందుకునేవాడే, నా నోటికి నిడుబ్రోలు వచ్చింది. దాని స్పెల్లింగ్ చెప్పడానికే రెండు నిమిషాలు పోయాయి. నిడుబ్రోలులో బీ ఉంది కాబట్టి, ఆ బీ బాపట్ల బీయేనా అని కుర్రాడు అడిగాడు. అవునన్నాను. అయితే బాపట్లలో ఉన్న పీ, టీల సంగతేమిటన్నాడు. తెలివైన పిల్లాడే, సమయం చూసుకోడు.

ఇక్కడ మా మావయ్య గారి గురించి చెప్పాలి. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది ఆయన జీవిత ధ్యేయం. పాలబ్బాయికి చెప్పారు, గుళ్ళో పూజారి గారికి చెప్పారు, పెళ్ళి భోజనంలో పక్క విస్తరి ఆయనకి చెప్పారు. సైబర్ మోసాలకు ఫోన్ చేయాల్సిన 1930 నంబరు వంటింటి క్యాలెండరు మీద, ఫ్రిజ్ మీద, అత్తయ్య గారి కళ్ళజోడు పెట్టె లోపల రాసిపెట్టారు. అలాంటి మనిషి వరండాలో పేపరు చదువుకుంటుంటే, లోపల్నుంచి అల్లుడు ఎవరో హిందీ వాడికి ఒక్కో అక్షరమే కోడ్ అప్పజెబుతున్నాడు. ఆయన అప్పటికీ ఓర్చుకున్నారట. ఆఫీసు పనేమో అనుకున్నారట.

గీత దాటాక ఐదో అక్షరం వచ్చింది.

"వీ ఫర్ వేటపాలెం," అన్నాను.

వేటపాలెంలో మావయ్య గారికి జీడిమామిడి తోట ఉంది.

పేపరు కింద పడ్డ చప్పుడు నాకు వినపడింది. ఆయన గదిలోకొచ్చి చాలా నెమ్మదిగా, మేనేజరు గొంతుతో, "బాబూ, ఫోన్ ఇలా ఇవ్వండి," అన్నారు. నేను వివరించేలోపే తీసేసుకున్నారు. ఉద్యోగంలో ఉండగా ప్రమోషన్ మీద కొన్నాళ్ళు నాగపూర్‌లో చేశారు. ఆ హిందీ అంతా ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"తుమ్ కౌన్ హై? తుమ్‌కో వేటపాలెం క్యోం మాంగ్తా?"

కుర్రాడు పాపం ఉన్నమాటే చెప్పాడు. "సర్, బస్, తీన్ అక్షర్ ఔర్ చాహియే."

ఇంకా మూడు అక్షరాలు చాలు! దొంగవాడైనా ఇంతకంటే అచ్చమైన దొంగమాట చెప్పగలడా? మావయ్య గారు నావైపు చూసిన చూపులో జాలి ఉంది. అప్పుడే ఆయన దృష్టి నా స్క్రీను మీద పడింది.

విమ్‌ని ఏ ఫైలూ లేకుండా తెరిస్తే మధ్యలో ఒక స్వాగత సందేశం వస్తుంది. బ్రామ్ మూలెనార్ 2023లో చనిపోయేదాకా తన ఎడిటర్‌ని ఉచితంగానే ఇచ్చాడు. నచ్చితే ఉగాండాలోని పిల్లలకు సాయం చేయమన్నాడు. ఆ మాట ఇప్పటికీ అక్కడే ఉంటుంది. నేను ఇన్నేళ్ళుగా రోజూ చూస్తూ చదవడం మానేసిన వాక్యాన్ని మావయ్య గారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు: ఉగాండాలో పేద పిల్లలను ఆదుకోండి.

"ఉగాండా," అన్నారు అత్తయ్య గారి వైపు తిరిగి. ఆవిడ అప్పటికే గుమ్మంలో ఉన్నారు. "ఇదివరకు నైజీరియా నుంచి వచ్చేవి లాటరీ మెయిళ్ళు. ఇప్పుడు ఉగాండా మొదలైంది."

"పిల్లల పేరు చెప్పి అడుగుతున్నారా, ఎంత పాపం," అన్నారు ఆవిడ.

"అది కాదు మావయ్య గారూ, అది ఎడిటర్..." అన్నాను. ఎవరు వింటారు? ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. నల్ల తెర ఆయనకేమీ కొత్త కాదు. బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టడం గురించి 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక దిగిన ఏఎల్‌పీఎంలు అనే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్ల మీద ఏళ్ళ తరబడి పని చేశారు. "ఇంత పెద్ద కంపెనీ, మిమ్మల్నింకా ఏఎల్‌పీఎం మీదే కూచోబెట్టారా?" అని నిట్టూర్చి, దీన్ని మూసే పని నాకొదిలెయ్యండన్నట్టు చెయ్యి ఊపారు.

విమ్‌లోంచి బయటపడటం ఎలా అన్న ప్రశ్నను ప్రోగ్రామర్లు సందేహాలు అడుక్కునే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ఒక్క సైటులోనే 2017 నాటికి పది లక్షల సార్లు చూశారు. అదీ ప్రోగ్రామర్లు. మావయ్య గారు ముందు ఎస్కేప్ నొక్కారు. కోడ్ పోయింది. నా గుండె జారింది. తరవాత ఆయన ఒక పెద్దమనిషి తరహాలో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, క్యూ, యూ, ఐ, టీ అని కొట్టారు.

విమ్‌లో ఇలా కొడితే ఏమవుతుందో వాడేవాళ్ళకి తెలుసు. క్యూ, యూ కలిపి కొడితే, ఇకమీదట నొక్కే మీటలన్నీ యూ అనే అరలో దాచిపెట్టమని అర్థం. ఐ కొడితే రాయడం మొదలు. టీ అనే అక్షరం తెర మీద పడింది. తెర అడుగున పెద్దగా "రికార్డింగ్" అని వచ్చింది.

మావయ్య గారు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేశారు.

"రికార్డు చేస్తున్నాడు," అన్నారు గుసగుసగా. అత్తయ్య గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. స్పీకర్లోంచి నోయిడా కుర్రాడు, "హలో? సర్? వీ కే బాద్?" అంటున్నాడు. ఒక్క నిమిషం పాటు ఇంట్లో ఎవరమూ మాట్లాడలేదు. నేను కూడా. ఏం చెప్పినా రికార్డవుతుందన్న భయం నాకే పట్టుకుంది.

ఆ తరవాత మావయ్య గారు ఫోన్ కట్ చేసి, వైఫై పెట్టె తీగ పీకేసి, దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. 1930కి చేయబోతే నా భార్య వచ్చి ఆపింది. అరగంటకి ఆయనకి విషయం అర్థమైంది. అర్థమయ్యాక అన్నమాట ఒక్కటే: "అయినా ఫోన్లో కోడ్ అడిగే కంపెనీ ఏం కంపెనీ బాబూ?"

నాకు ఒళ్ళు మండింది. మండి, ఆయన తప్పని నిరూపించడానికి ఆ 8628 పత్రం తీసి చదివాను. అందులో ప్రమాదాల విభాగంలో ఇదే రాసి ఉంది. మోసగాడు తన దగ్గర కోడ్ పుట్టిస్తాడు, ఎదుటివాడి చేత వాడి ఖాతాలో కొట్టిస్తాడు, ఆ ఖాతా తాళం మోసగాడికి దక్కుతుంది. అంటే కోడ్ పుట్టించి, నోయిడా కుర్రాడిని బతిమాలి, వాళ్ళ ఖాతాలో కొట్టమన్న నేను దొంగ వేషంలో ఉన్నాను. మావయ్య గారు దొంగతనాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. దొంగ ఫోనుకి అటువైపు ఉన్నాడనుకున్నారు, అంతే తేడా.

మా భద్రతా విభాగం కూడా ఆ పత్రం చదివినట్టుంది. శుక్రవారం పొద్దున్నే మెయిల్ వచ్చింది. నా కాల్‌లో "అనుమానాస్పద మూడో వ్యక్తి" వినిపించాడు కాబట్టి టికెట్, అంటే సపోర్ట్ వాళ్ళ దగ్గర నా పేరున ఉన్న అర్జీ, మూసేశారు. నేను తప్పనిసరిగా మోసాల నివారణ శిక్షణ పూర్తిచేయాలి. ఫోన్లో కోడ్ చదవమన్నది వాళ్ళేనన్న సంగతి ఆ మెయిల్లో ఎక్కడా లేదు. శిక్షణకి మావయ్య గారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. ప్రశ్న పూర్తిగా రాకముందే జవాబు చెప్పేశారు. నూటికి నూరు వచ్చాయి, సర్టిఫికెట్ నా పేరున వచ్చింది.

డ్యాష్‌బోర్డులో నేనింకా ఎర్రగానే ఉన్నాను. టికెట్ మళ్ళీ తెరవాలంటే మా మేనేజరు ఆమోదించాలట. ఆయన సెలవులో ఉన్నాడు.