కరకట్ట ఉందిగా అన్న ధీమాతోనే భద్రాచలానికి ముప్పు

జులై వచ్చిందంటే భద్రాచలంలో ఎవరిని పలకరించినా అడుగుల లెక్కే. "ఎంతుంది?" అని అడిగితే చాలు, గోదావరి గురించే అని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్లో పిల్లలకు కూడా ఇవి ఎక్కాల్లా నోటికొచ్చు. స్నానఘట్టాల దాకా వెళ్లి, నిన్న కనిపించిన మెట్టు ఇవాళ మునిగిందో లేదో కళ్లారా చూస్తే గానీ నమ్మని పెద్దవాళ్లు ఫోన్ల కాలంలోనూ ఉన్నారు. ఆ అలవాటంటే నాకు గౌరవమే. నా పేచీ అంతా ఊరూ, ప్రభుత్వమూ కలిసి ఆ ఒక్క అంకెనే పట్టుకుని కూర్చోవడం గురించి.

చరిత్ర తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, ఇప్పటికీ అదే రికార్డు. 1990లో 70.8. 2006లో 66.9. 2022 జులైలో 71.3, అంటే 32 ఏళ్ల తర్వాత మళ్లీ 70 దాటింది, అదీ జులైలోనే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి, క్లౌడ్ బరస్ట్ (ఒక్కచోట ఒక్కసారిగా కురిసే కుంభవృష్టి) వెనక విదేశీ కుట్ర ఉందేమో అన్నారు, అదే నోటితో శాశ్వత పరిష్కారానికి 1000 కోట్లు అన్నారు. కుట్ర మాట నవ్వుకుని వదిలేశారు గానీ, ఆ వెయ్యి కోట్ల మాట మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

కరకట్టే లేకపోతే 2022లో ఊరు ఏమయ్యేది అంటారు చాలామంది. ఒప్పుకుంటాను, కట్ట ఊరిని కాపాడింది. అసలు ముప్పు పోలవరం బ్యాక్‌వాటర్, అంటే దిగువన ఆంధ్రప్రదేశ్‌లో కడుతున్న పోలవరం ప్రాజెక్టు వల్ల వెనక్కి ఎగదన్నే నీళ్లు, అనేవాళ్లూ ఉన్నారు. అది కొట్టిపారేసే భయం కాదు, రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చుని తేల్చాల్సిన లెక్క. కానీ పోలవరం పేరు చెప్పి మన వీధిలో డ్రైనేజీ గురించి అడగడం మానేస్తే ఎలా?

కట్ట బయటి నీళ్లను లోపలికి రానివ్వదు, లోపలి నీళ్లను బయటికీ పోనివ్వదు. మామూలు రోజుల్లో ఊరి వాన నీళ్లూ మురుగూ స్లూయిజ్‌ల (కట్టలో తలుపులున్న తూములు) గుండా నదిలోకి పోతాయి. నది పెరిగితే స్లూయిజ్ మూయాల్సిందే, లేకపోతే గోదావరే అదే దారిలో ఊళ్లోకి వస్తుంది. మూశాక ఊళ్లో పడ్డ ప్రతి చినుకునూ మోటార్లతో తోడి కట్ట అవతల పోయాలి. ఒక మోటార్ మొరాయించినా, డీజిల్ అయిపోయినా, ఆ రాత్రే గట్టి వాన పడినా అంతే సంగతులు. రామాలయం దగ్గర పల్లపు వీధుల్లో నీళ్లు నడిరోడ్డు మీద నుంచి రావు, ముందు బాత్‌రూమ్ జాలీలోంచి బుడబుడమంటూ నల్లగా పైకొస్తాయి, తర్వాత గడప దాటుతాయి. నదికి మూడు హెచ్చరికలున్నాయి, ఈ నీళ్లకు ఒక్కటీ లేదు. ఏ అడుగు దగ్గర మంచాల మీద సామాను ఎక్కించాలో, ఏ అడుగు దగ్గర ముసలివాళ్లను పైఅంతస్తుకు చేర్చాలో ఎవరూ చెప్పరు.

పైగా ఇది ఒక్క రాత్రితో పోయే వ్యవహారం కాదు. దిగువన కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. శబరి కూడా పోటు మీదుంటే గోదావరి నీళ్లు ముందుకు కదలవు, ఇక్కడ మట్టం తగ్గడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ స్లూయిజ్ మూసే ఉండాలి, మోటార్లు తిరుగుతూనే ఉండాలి. ఎగువన పేరూరు, దుమ్ముగూడెం మట్టాలు చూసి నది ఎప్పుడు పెరుగుతుందో ముందే చెప్పగలుగుతున్నాం. మోటార్లు ఎప్పుడు ఆగిపోతాయో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు!

నీళ్ల ధ్యాసలో పడి మనం పూర్తిగా మర్చిపోయింది ఇంకోటుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. దక్షిణాదిలో నమోదైన పెద్ద భూకంపాల్లో దాన్నీ లెక్కేస్తారు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 వచ్చి, హైదరాబాద్ దాకా మంచాలు ఊగాయి. రెండూ ఈ గోదావరి లోయలోవే. వరదకు భయపడి జనం ఏం చేస్తారు? పైకి కడతారు. ఒక అంతస్తు, దాని మీద ఇంకొకటి, పునాది ఎంత మోస్తుందో చూసే దిక్కు లేదు. 2025 మార్చిలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం ఇదే ఊళ్లో కుప్పకూలి ప్రాణాలు తీసింది. అప్పుడు భూమి కంపించనేలేదు. కంపిస్తే?

ఇక్కడికొచ్చేసరికి నాకు అసలు కోపం వస్తుంది. దాదాపు 50 వేల జనాభా, ఏటా శ్రీరామనవమికి లక్షల్లో భక్తులు, కానీ పాలన మాత్రం గ్రామ పంచాయతీది. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి మున్సిపాలిటీ చేయడం మామూలు ఊళ్లో చేసినంత సులువు కాదు, గిరిజనుల హక్కులకు అడ్డం పడే దారి నాకూ వద్దు. కానీ ఆ పేరు చెప్పి ఊరికి ఇంజినీర్లనూ డబ్బునూ ఇవ్వకపోవడం ఏ చట్టంలో ఉంది? 2014లో చుట్టుపక్కల ఐదు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక ఊరు విస్తరించడానికి జాగా లేదు, చెత్త పోయడానికే చోటు కరువు. 2019లో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగితే ఇక్కడ అదీ లేదు. అప్పుడు అటు గ్రామంలా ఓటు దక్కలేదు, ఇటు పట్టణంలా వసతులూ దక్కలేదు. వరదొస్తే మంత్రులూ కలెక్టర్లూ బస్సులూ బియ్యం సంచులూ వస్తాయి, మట్టం 43 కిందకు దిగగానే అందరూ వెళ్లిపోతారు. మన రాష్ట్రాల్లో చిన్న ఊళ్లన్నిటి కథా ఇంతే, పెద్ద నీళ్లొస్తే తప్ప కంటికి ఆనవు.

ఈసారి నాయకులెవరైనా కరకట్ట మీద నిలబడి ఫొటో దిగే ముందు ఒక్క పని చేయాలి. ఏప్రిల్‌లో, ఎండలు మండుతున్నప్పుడే, స్లూయిజ్‌లు మూయించి, ట్యాంకర్లతో నీళ్లు పోయించి, మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసి వీధి జనం ముందు తోడించి చూపించాలి. ఎన్ని తిరిగాయి, ఎన్ని మొరాయించాయి అన్న లెక్కను పంచాయతీ ఆఫీసు గోడ మీద, 43, 48, 53 పక్కనే పెయింట్‌తో రాయించాలి.