పారాథైరాయిడ్ గ్రంథుల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పారాథైరాయిడ్ గ్రంథుల వారి సముఖమునకు,

గొంతులో థైరాయిడ్ వెనకకు ఒదిగి, బియ్యపు గింజంత ప్రమాణంలో, సాధారణంగా నలుగురుగా కొలువుదీరి ఉండే తమరికి మా అమ్మ ఎముకల తరఫున వ్రాసుకుంటున్న విన్నపం ఇది.

తమరి నిజాయితీని శంకించే సాహసం నాకు లేదు. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలవకపోతే నరాలు, కండరాలు, గుండె తడబడతాయనీ, అందుకే తమరికి వేరే ధ్యాస ఉండదనీ ఒప్పుకుంటాను. మూత్రపిండాలకు తమరు పొదుపు నేర్పే మాటా నిజమే. కానీ ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకలలోనే ఉందని తెలుసు కనుక, తిండిలో తక్కువైనా, ఎండ తగలక విటమిన్ డి కొరవడినా, తమరి చెయ్యి ఆ భోషాణం మీదికే పోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, పేరు తమరిది, పోయిన సొమ్ము వెన్నుపూసలది.

పైగా ఎముకను తవ్వే ఆస్టియోక్లాస్టులకు తమరు నేరుగా తాఖీదు పంపరు. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టు వంశపు కణాలకు కబురు పెట్టి, వాటి చేత ర్యాంక్-ఎల్ అనే ప్రోటీన్‌ను తయారు చేయించి, దానితో తవ్వేవాళ్ళను రప్పిస్తారు. గునపాలవాళ్ళను మేస్త్రీ చేతనే పిలిపించాక, మేము ఫిర్యాదు ఎవరి మీద వ్రాసుకోవాలి? తవ్వకం రెండు మూడు వారాల పని, పూడ్చడం మూడు నాలుగు నెలల పని. (మా వీధిలో పైపుల కోసం తవ్విన గొయ్యి సంగతి ఇక్కడ ఎత్తను.)

ఇన్నాళ్ళూ ఈస్ట్రోజెన్ అనే పెద్దదిక్కు ఆ తవ్వేవాళ్ళను అదుపులో ఉంచింది. అమ్మకు 47వ ఏట బహిష్టులు ఆగిపోవడంతో అది సెలవు పుచ్చుకుంది. ఆ తరువాతి ఏళ్ళలో నొప్పి లేదు, జ్వరం లేదు. చీలమండల దగ్గర ఆగవలసిన కుచ్చిళ్ళు మాత్రం నేలను ఊడవసాగాయి, పై గూటిలోని పోపుల డబ్బా చేతికి అందకుండా పోయింది. "ఈమధ్య చీరల పన్నా పెంచినట్టున్నారే" అని ఆమె నవ్వితే మేమూ నవ్వాము. నిరుడు తులసికోట దగ్గర తడి గచ్చు మీద జారి, చెయ్యి ఆనించినంత మాత్రానికే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారే జబ్బుకు (ఆస్టియోపోరోసిస్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీత మైనస్ 2.5 కాగా, ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో అమ్మ టి-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.1 అని తేలింది. ఎక్స్‌రేలో రెండు వెన్నుపూసలు ఎప్పుడో నలిగి కుంగిపోయి కనిపించాయి. చీరల పన్నా ఎవరూ పెంచలేదు.

అసలు విడ్డూరం మందుల దుకాణంలో తెలిసింది. తమరి హార్మోనులోని 84 అమైనో ఆమ్లాలలో మొదటి 34 మాత్రమే ఉన్న టెరిపారటైడ్‌ను రోజుకొక సూదిగా ఇస్తే, అది ఎముకను కడుతుందట. అమెరికాలో దానికి 2002లోనే అనుమతి వచ్చింది. ఎడతెగకుండా ఊరితే ఎముకను కరిగించే తమరి సరుకే, రోజుకొకసారి పలకరించి పోతే మేస్త్రీలను పనిలో దింపుతుందన్న మాట. ఈ విద్య తమరి దగ్గరే ఉండగా, మేము దాన్ని కొనుక్కొచ్చి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాచి, రాత్రి తొమ్మిదింటికి అమ్మ పొట్ట మీద గుచ్చుతున్నాము.

రసీదులన్నీ భద్రపరిచాను. తమరు ఏ పద్దు కింద చెల్లిస్తారో సెలవియ్యగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు