పాలపుంత ఇంకో గెలాక్సీని మింగితే మా పిన్ని బీపీ మాత్ర ఎందుకు మానాలి?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. వాకింగ్ గ్రూపులో రెండుసార్లు, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు, మిగతావి చుట్టాల దగ్గర్నుంచి. అదృష్టవశాత్తూ చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే, అందులో ఉన్నది ఇదీ: మనం ఉండే గెలాక్సీ పాలపుంత, తన పక్కనున్న ఒక చిన్న గెలాక్సీని చీల్చి మింగేస్తోందని నాసా ఇప్పుడే కనిపెట్టింది. మన సూర్యుడు అసలు ఆ గెలాక్సీ వాడే. అక్కడి నక్షత్రాలు వచ్చి మనల్ని గుద్దుకుంటాయి. ఈ పౌర్ణమికి ఆ ఆటుపోట్ల శక్తి భూమిని తాకుతుంది. ఒంట్లో డెబ్బై శాతం నీళ్ళే కాబట్టి రక్తం పొంగుతుంది. మూడు రోజులు బీపీ, షుగర్ మాత్రలు ఆపి రాగిచెంబు నీళ్ళే తాగాలి. ధనుస్సు రాశివాళ్ళు మరీ జాగ్రత్త. పదిమందికి పంపండి.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. మామూలుగా ఇలాంటివి చూసి డిలీట్ చేసి ఊరుకుంటాను. ఈసారి ఊరుకోలేకపోవడానికి కారణం కిందికి వెళ్ళాక చెప్తాను.

"ఇప్పుడే కనిపెట్టింది" అన్నది అబద్ధం. ఆ చిన్న గెలాక్సీ పేరు ధనుస్సు మరుగుజ్జు గెలాక్సీ. దాన్ని 1994లో ఇబాటా, గిల్‌మోర్, ఇర్విన్ అనే ముగ్గురు ఖగోళ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నాసాకి ఇందులో పనిలేదు. మెసేజ్‌తో వచ్చిన ఫోటో ఫోటో కాదు, బొమ్మ. పాలపుంత బయటికి వెళ్ళి ఫోటో తీసి వచ్చినవాడు ఇంకా పుట్టలేదు. రాశి సంగతి అంటారా, ఆ గెలాక్సీ ధనుస్సు నక్షత్రాల దిక్కున, వాటికి ఎన్నో వందల రెట్లు దూరంలో ఉంది. ఆ దిక్కులో కనిపించింది కాబట్టి ఆ పేరు పెట్టారు. అంతే.

నక్షత్రాలు గుద్దుకోవడమా? సూర్యుణ్ణి ఆవగింజంత చేసి గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో పెడితే, అన్నిటికన్నా దగ్గరున్న నక్షత్రం బెజవాడలో ఇంకో చిన్న గింజ. మధ్యలో మంగళగిరి, తాడేపల్లి, కృష్ణ, అన్నీ ఖాళీ. ఈ లెక్కన రెండు గెలాక్సీలు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోయినా గింజకి గింజ తగలదు.

సూర్యుడు ఆ గెలాక్సీ వాడేననే మాట పాతికేళ్ళ నాటిది కాకపోయినా పాతదే. ఆకాశంలో పాలపుంత పట్టీ, గ్రహాలు తిరిగే తలానికి 60 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి మనం బయటివాళ్ళమట. గ్రహ కుటుంబాలు ఎటు పడితే అటు వాలి పుడతాయి. అది పుట్టుమచ్చేమీ కాదు. చూడాల్సింది సూర్యుడి నడక. మనవాడు పళ్ళెంలా పరుచుకున్న పాలపుంతలోనే, దాదాపు గుండ్రటి దారిలో, 23 కోట్ల ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతున్నాడు. ధనుస్సు గెలాక్సీ నుంచి ఊడిన నక్షత్రాలు ఆ పళ్ళేన్ని ఇంచుమించు నిలువునా కోసుకుంటూ పోతాయి. ఆ రెండు నడకలూ ఒక ఇంటివి కావు.

ఇక రక్తం పొంగడం.

మా పిన్ని బ్రాడీపేటలో ఒక్కతే ఉంటుంది. మొన్న వెళ్తే గట్టు మీద రాగిచెంబు, మూత మీద తులసాకు, పక్కనే మాత్రల స్ట్రిప్. రెండు రోజులవి అలాగే ఉన్నాయి. ఆమె వంటింటి గోడకి జారబడి కూర్చుని ఉంది, కళ్ళు తిరుగుతున్నాయంది. పక్కవీధి డాక్టరు చూస్తే బీపీ 190/110.

"ఏంటి పిన్నీ ఇది?"

"నీ ఫోన్‌కి రాలేదురా? అందరూ పంపుతున్నారుగా."

వచ్చింది పిన్నీ. తొమ్మిదిసార్లు వచ్చింది.

ఆటుపోటు నీళ్ళకుండే జబ్బు అనుకుంటారు జనం. నీళ్ళతో దానికి సంబంధం లేదు. గెలాక్సీలో సముద్రాలు ఎక్కడున్నాయి చీలడానికి? ఆటుపోటంటే లాగుడులో తేడా. చంద్రుడు భూమిని దగ్గర పక్క కొంచెం ఎక్కువగా, అవతలి పక్క కొంచెం తక్కువగా లాగుతాడు. భూమి వెడల్పు 12,700 కిలోమీటర్లు కాబట్టి ఆ తేడా సూర్యలంక బీచ్‌లో సముద్రం పొంగి తగ్గడంగా కనిపిస్తుంది. ఆ పక్కనే ఊళ్ళో చెరువు పొంగదు, బిందెలో నీళ్ళు అసలే పొంగవు. తేడా రావాలంటే వస్తువుకి ఆ కొస నుంచి ఈ కొసకి దూరం ఉండాలి.

చిన్న గెలాక్సీ చీలిపోయేది అందుకే. దాని వెడల్పు వేల కాంతి సంవత్సరాలు. పాలపుంత లాగుడు దాని ఒక కొసలో ఒకలా, ఇంకో కొసలో ఇంకోలా ఉంటుంది. తన నక్షత్రాలని తాను పట్టి ఉంచుకునే బలం దానికి అంతంత మాత్రం. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ లోపలి పక్కవి జారి ముందుకు పోతాయి, బయటి పక్కవి వెనకబడతాయి. అలా రెండు తోకలు సాగి, చివరికి పాలపుంత చుట్టూ చుట్టుకున్నాయి. ఒక్కో చుట్టుకి పదుల కోట్ల ఏళ్ళు పట్టే ఈ తంతుకి మన పౌర్ణమి ఎప్పుడో ఎవరు కబురు పెట్టారో!

మరి మనిషి పొడవెంత? అయిదున్నర అడుగులు. పిన్ని ఇంకా తక్కువ. ఆమె తలకీ కాళ్ళకీ మధ్య చంద్రుడు చూపే తేడానే కొలవడానికి అందదు. ధనుస్సు గెలాక్సీది అందులో కోటి కోట్లవ వంతు కూడా లేదు. అదే మిర్చి యార్డు ముందు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకుని ఆగిన పది టన్నుల లారీకి పది మీటర్ల దూరంలో నిలబడి చూడండి. లెక్క వేస్తే ఆ లారీ ఆటుపోటు మీ మీద చంద్రుడి దానికి కొన్ని వేల రెట్లు. సీజన్‌లో యార్డు ముందు రోజూ వందల లారీలు. గుంటూరు జనానికి రక్తం పొంగి ఎప్పుడో వరదలు రావాలి. యార్డులో హమాలీలందరికీ రాగిచెంబులు పంచుదామా?

"నిజమో కాదో, జాగ్రత్తపడితే పోయేదేముంది" అని ఒక మిత్రుడు గ్రూపులో పెట్టాడు. పోయేదేముందో మా పిన్ని వంటింట్లో చూశాను. మాత్ర ఆపడం జాగ్రత్త ఎలా అవుతుంది బాబూ? నీకు ఫార్వర్డ్ చేయడానికి ఒక్క వేలు చాలు. ఆమె తేరుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పాలపుంత ఆ గెలాక్సీని మింగుతోందన్న మొదటి లైను నిజమే. ఇంకా చెప్పాలంటే, మన పక్కనున్న నక్షత్రాలని కాస్త కదిలించింది కూడా అదేనేమో. ఐరోపావాళ్ళ గయా అంతరిక్ష నౌక కొలతలు పట్టుకుని 2020లో కానరీ దీవుల శాస్త్రవేత్తలు, ఆ గెలాక్సీ దగ్గరికి వచ్చి వెళ్ళిన కాలాల్లోనే పాలపుంతలో కొత్త నక్షత్రాలు గుంపులుగా పుట్టాయన్నారు. సూర్యుడు పుట్టడం వెనక కూడా ఆ రాకపోకల హస్తం ఉండొచ్చని వాళ్ళ ఊహ. ఇంకా తేలలేదు. తేలినా సూర్యుడు అక్కడివాడు కాడు, అది తట్టి లేపిందేమో అంతవరకే. అయినా చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇదంతా పిన్నికి ఫోన్లో చెప్తే, "అంటే అందులో కొంత నిజం ఉన్నట్టేగా" అంది.

ఉంది పిన్నీ. మాత్ర వేసుకున్నావా?